రక్తం పట్టే గోలీలు

"ఈ ఆదివారం నువ్వే చెప్తవా, లేకుంటే పిలగాన్ని పిలిపించి నన్ను చెప్పమంటవా?" కౌన్సెలర్ నళిని మేడం ఆసుపత్రి గదిలో కిష్టమ్మను నిలదీసింది.

కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పరీక్షలు కానియ్యి మేడం. ఇప్పుడు చెప్తే పిలగాడు ఏమన్న చేసుకుంటడు."

"పోయినేడు గూడ గిదే మాటన్నవ్. హెచ్ఐవీ ఉన్నోనికి తనకున్నదని తెల్వద్దా? రక్తపరీక్షకు తోలుకరమ్మంటే అదీ లేదు. గోలీలు సక్కగ మింగుతున్నడా మరి?"

"ఒక్కపూట తప్పడు మేడం. నెల నెలా సీస ఖాళీ చేసి నా చేతిల పెడ్తడు."

మేడం నిట్టూర్చి, మాత్రల డబ్బా ఇచ్చి పంపింది. కిష్టమ్మ చెట్టు నీడకు పోయి, ఆ మాత్రలను ఎప్పట్లాగే బీకాంప్లెక్స్ సీసాలోకి ఒంపుకుంది. సాగర్‌కు అవి రక్తం పట్టే గోలీలు. చిన్నప్పటి నుంచి వాడికి తెలిసిన పేరు అదొక్కటే. తన రోగమే కడుపులోని బిడ్డకు అంటిందని వాడు పుట్టాక గానీ ఆమెకు తెలియలేదు. ఆ మాట వాడితో ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం అశోక్ నగర్ హాస్టల్లో రొట్టెలు చేసే పని ముగించుకుని, నాలుగు రొట్టెలు కొడుక్కి మూటగట్టుకుని నారాయణగూడ నడిచింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు లోపల కూడబలుక్కుంది. ఏ మాట మొదలుపెట్టినా చివరికి వాడు రైలు పట్టాల మీద కనబడుతున్నాడు.

సాగర్ కాలేజీ హాస్టల్ మెట్ల మీదే ఉన్నాడు, ఒళ్లో పుస్తకంతో. మెడ ఎముకలు తేలాయి. మాట్లాడుతూ దగ్గాడు.

"ఏంది బిడ్డా, గిట్లైనవ్?"

"పరీక్షల పరేషాన్ అమ్మా. ఇంటర్ బైపీసీ అంటే మజాకా? మీ హాస్టల్ల కొలువులకు చదివే సార్లను అడుగు, ఒక్కొక్కడు ఎట్లున్నడో." నవ్వుతూ పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. "ఇయ్యాల ఏం చదివిన్నో ఎరుకనా? హెచ్ఐవీ."

కిష్టమ్మ మూట పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. దేవుడే దారి చూపిస్తున్నాడేమో అనుకుంది.

"మన రక్తంల కాపలా కణాలుంటయ్. మా గేటుకాడ కావలుండే హనుమప్ప తాత లెక్క," అన్నాడు సాగర్. "ఈ వైరస్ సీదా ఆ కాపలోని లోపలికే దూరుతది. తన రాతను వాని రాతల కలిపేస్తది."

"తలరాతనా?"

"కాదే అమ్మా, జన్యువుల రాత. ఏ జన్యువు పని చెయ్యాలె, ఏది ఊకుండాలె అని స్విచ్చులుంటయ్. ఆ స్విచ్చులు అది తన చేతుల వట్టుకుంటది. ఇగ కాపలోడు మనల్ని ఇడిశిపెట్టి దొంగకే కొలువు చేస్తడు."

"మరి మందు?"

"రోజూ గోలీ మింగితే కొత్త కణాలకు పాకదు. కొన్నిట్ల స్విచ్చు బందు వెట్టుకుని పండుకుంటది, చావదు. గోలీ ఆపితే కొన్ని వారాలల్ల లేస్తది."

ఆమెకు కొంచెం ఊపిరాడింది. తన కొడుకు రోజూ మింగుతున్నాడు. వాడి ఒంట్లో అది పడుకునే ఉంది. ఇప్పుడు చెప్పవచ్చు. ముందు కాస్త తడిమి చూద్దామనుకుంది.

"అసొంటి పిలగాడు మీ రూంల ఉన్నడనుకో, ఏం జేస్తవ్ కొడుకా?"

"వార్డెన్‌కు చెప్పి ఎళ్లగొట్టిస్త."

"ఒక్కకాడ తింటే అంటదంటరు గద?"

"అంటదు. పరీక్షల అట్లనే రాస్త, మార్కులు గూడ ఏస్తరు. గని పక్కన కూసోని బువ్వెట్ల తింట? అయినా వాన్ని ఏమనాలె? వాని అవ్వననాలె. కన్నది సరే, దాపెట్టి పెంచుడేంది? అది తల్లైతదా అసలు?"

కిష్టమ్మ రొట్టెల మూట విప్పి వాడి ముందుకు జరిపింది. ఇన్నాళ్లూ వాడు ఏమైపోతాడోనని భయపడింది. ఇప్పుడు తన ముఖం ఇక చూడడని భయపడింది. రెండో భయమే పెద్దదైంది.

"గట్ల సూస్తున్నవేందమ్మా?"

"ఏం లేదు. పాత సీస ఏది?"

సాగర్ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎత్తి చూసింది. అడుగున ఒక్క గోలీ లేదు. చెప్పకపోయినా ఏం కాదు. గోలీ కడుపులో పడుతోంది, అది చాలు. మేడంకు మళ్లీ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కొత్త సీసా వాడి చేతిలో పెట్టి, పిడికిలి మూసింది.

"మరువకు బిడ్డా. రక్తం పడుతది."

"నీకెప్పుడూ రక్తం రందే," అని నవ్వి, దగ్గుకుంటూ స్టడీ అవర్‌కు పైకి పోయాడు.

కిష్టమ్మ గేటు దాకా వచ్చిందో లేదో వెనక నుంచి చప్పుడైంది. సాగర్ గదిలోనే ఉండే సంతోష్ పరుగెత్తుకొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. దసరా ముందు పుల్లలా ఉన్న పిల్లవాడు, ఇప్పుడు బుగ్గలు నిండి నిగనిగలాడుతున్నాడు.

"బాగున్నవా బిడ్డా? మావోడు సరిగ తింటలేడు, నువ్వన్న జర చూస్కో."

"చూస్కుంట చిన్నమ్మా, వాని రుణం ఎట్లుంచుకుంట?" అన్నాడు సంతోష్. "డాక్టర్ నాకు రక్తం తక్కువున్నదన్నప్పటి సంది నీ గోలీలన్నీ నాకే ఇస్తున్నడు, తనొక్కటి గూడ ముడుతలేడు."