వెళ్లిరావడానికో మాట

ఒక్కో ధ్వనికి ఒక్కో అర్థం పెట్టి పండితులు కట్టిన సారభాష తప్ప పిల్లలకు మరో భాష రాని కాలం అది. అందులో పోవడానికి ‘లూ’ ఉంది గాని, వెళ్లిరావడానికి మాట లేదు. ‘లూ’ అని పడవెక్కిన వరహాలమ్మ పెనిమిటి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆవిడ కొత్త మాట కోసం భాషాసంఘానికి అర్జీల మీద అర్జీలు పెడుతూనే ఉంది.

ఇవాళ మనవరాలు హైమ సముద్రసేద్యానికి బయలుదేరుతోంది.

“ఆ పాడుమాట అన్నావంటే కాళ్లు విరగ్గొడతా! జవాబు రానీ!”

“పడవ కదిలిపోతోంది మామ్మా, చెయ్యొదులు!”

అంతలో రేవు మైకు గరగరలాడింది. “వరహాలమ్మ అర్జీ మంజూరైంది. ‘లూమే’ అంటే వెళ్లి తిరిగొస్తాను.”

“లూమే మామ్మా!” హైమ గంతేసింది. పడవ పడవంతా ఒడ్డుకేసి “లూమే! లూమే!” అని కేకలు పెట్టింది.

అప్పుడుగాని వరహాలమ్మ ఆ చెయ్యి వదల్లేదు.