పై ఊరి నీళ్ళ వంతు

"కొంటావా, కూర్చుని మా నోళ్ళే చూస్తావా?" అంటూ నూంజా గుడ్ల బుట్ట మీద గుడ్డ లాగేసింది.

రీఫ్ కొండల్లో అది ఆడవాళ్ళ సంత. మగవాడు అడుగు పెట్టకూడదు. పై ఊరివాళ్ళూ కింది ఊరివాళ్ళూ కలిసేది అక్కడొక్కచోటే.

పట్నం అంగీ తొడుక్కున్న ముసలామె నవ్వింది. "ఒక్క మాట చెప్పు తల్లీ. గుండెని మీరేమంటారు?"

"ఉల్."

రాసుకుంది. పక్కనున్న కింది ఊరామెనీ అదే అడిగింది.

"ఉర్."

అదీ రాసుకుంది.

"గుడ్లేరినట్టు మాటలేరుతోంది, పిచ్చిది!" అంది ఇంకొకామె.

"పిచ్చేం కాదు. కింది ఊరివాళ్ళు పంపిన వేగులది. ఎల్లుండి నీళ్ళ తగువు తేలాలిగా!" అంది నూంజా. "లే అవ్వా, ఇంకో నీడ చూసుకో."

ముసలామె పుస్తకం మూసుకుని వెళ్ళి ఎండలో కూర్చుంది.

ఊటనీళ్ళు ఒకే తాత బిడ్డలకే చెందాలని పాత కట్టడి. పై ఊరి పలుకు వేరు కాబట్టి వాళ్ళు ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళనీ, వంతు లేదనీ కింది ఊరి వాదన. వంతు దక్కకపోతే నూంజా అంజూరపు తోట ఈ వేసవి దాటదు.

సభనాడు కింది ఊరి పెద్ద మొహంద్ లేచాడు. "మా నోట లేని పలుకు వీళ్ళ నోట ఉంది. వీళ్ళు మావాళ్ళెలా అవుతారు?"

వెనకనుంచి ముసలామె లేచింది. మొహంద్ తల దించుకున్నాడు.

"మీ సంతలోకి మేం రాం. మా సభలోకి నువ్వెందుకమ్మా?" ఎవరో ఎగతాళి చేశారు.

"నాలుగు మాటలు చదివి పోతా నాయనా." పుస్తకం తెరిచింది. "ఊట. పైన తాలా, కింద తారా. మాట. పైన అవాల్, కింద అవార్. నా కూతురు. పైన యెల్లి, కింద యెజ్జి..."

పైన 'ల' ఉన్నచోటల్లా కింద 'ర'. పైన ఒత్తి పలికిన 'ల్ల' కింద 'జ్జ'.

"పెళ్ళికూతురు?" ఒక ముసలాయన నమ్మక విసిరాడు.

"తస్లిత్!" "తస్రిత్!" రెండు ఊళ్ళూ ఒక్కసారే అరిచాయి. సభంతా ఘొల్లుమంది.

"నాలుగొందల పాత మాటలు. ఒక్కటీ వరస తప్పలేదు," అందామె. "అరువు మాటలు ఇలా బారు తీరి నడవవు. ఇది ఒకే ఇంటి మాట. తరాలు గడిచేకొద్దీ కింద మారింది, పైన నిలిచింది. ఎవరూ తప్పు పలకలేదు. ఎవరూ పరాయివాళ్ళు కారు."

వారానికి రెండు రోజుల నీళ్ళు పై ఊరికి తేలాయి. డాబాల మీద ఆడవాళ్ళ సంబరపు కేకలు కొండ కొండకీ పాకాయి. కాలువ గండి తెరవగానే నీళ్ళు నూంజా చెట్ల మొదళ్ళలోకి గలగలా దూకాయి.

సభలో జరిగింది విన్న నూంజా అంజూరపళ్ళు ఒడినిండా పోసుకుని, అవ్వ కోసం రోడ్డుకి పరిగెత్తింది. బస్సు వెళ్ళిపోయింది. మొహంద్ ఒక్కడే నిలబడి దుమ్ము వైపు చూస్తున్నాడు.

"చిన్నాన్నా!" మొదటిసారి వరస కలిపింది నూంజా. "ఎవరా అవ్వ?"

"నలభై ఏళ్ళ కిందట చదువుకంటూ పట్నం పోయిన మా అక్క," అన్నాడు మొహంద్. "మీకొచ్చిన ఆ రెండు రోజులూ మా ఇంటి వంతులోంచే తెగుతాయని తెలిసే వచ్చింది."