రెండో కెయితా

"ఒరేయ్ బొబ్బర్ల బస్తా! ఇంకా లేవలేదా?"

తలుపు తట్టకుండా హాస్టల్ గదిలోకి వచ్చిన ముసలాయన్ని లసానా ఎగాదిగా చూశాడు.

ఆయన లసానాని పట్టించుకోలేదు. నేరుగా అతని రూమ్మేట్ నూహుమ్ మంచం దగ్గరికి పోయి దుప్పటి లాగేశాడు.

వానలు మొదలైనప్పటి నుంచీ నూహుమ్ ఆ మంచం దిగలేదు. క్లాసుల్లేవు. స్నానం లేదు. పగలూ రాత్రీ గోడవైపు తిరిగి పడుకోవడమే.

"ఎవరు నువ్వు?" అన్నాడు నూహుమ్, గోడతోనే.

"కెయితాని. నువ్వు కులిబాలివట కదా! నా బానిస పగలంతా పడుకుంటే నా పొలం ఎవడు దున్నుతాడురా?"

నూహుమ్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు లసానా.

నవ్వుతున్నాడు.

"దొంగ కెయితా! మీ తాత మా ఇంట్లో గిన్నెలు కడిగేవాడు," అంటూ లేచి కూర్చున్నాడు.

లసానాకి కడుపు మండింది.

తన ఇంటిపేరూ కెయితానే. కులిబాలి ఇంటిపేరువాణ్ణి సరదాగా బానిసా అని తిట్టే హక్కు తనకీ పుట్టుకతోనే వచ్చింది. తిట్టించుకున్న కులిబాలి కోపం తెచ్చుకోకూడదు, తిరిగి తిట్టాలి. మాలి దేశంలో, ఈ బమాకో నగరంలో ఆ సంగతి తెలియని పసిపిల్లాడు లేడు.

కానీ నూహుమ్ మంచం పట్టాక లసానా ఆ హక్కు వాడలేదు. మునివేళ్ల మీద నడిచాడు. మెల్లగా మాట్లాడాడు. వేరుశనగ పులుసు కలిపి అన్నం నోటిదాకా తెచ్చాడు.

ఒక్క నవ్వు రాలేదు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వస్తే వచ్చింది.

ముసలాయన రోజూ వచ్చాడు. వరండాలో బొగ్గుల కుంపటి పెట్టి టీ కాచేవాడు. మొదటి గ్లాసు నూహుమ్‌కి. లసానాకి ఆఖరున, పలచగా.

నూహుమ్ స్నానం చేశాడు. గడ్డం గీసుకున్నాడు. ఒకరోజు క్లాసుకి కూడా పోయొచ్చాడు.

"గంటలకొద్దీ ఆయనతో ఏం చెబుతావురా?" అన్నాడు లసానా.

"అన్నీ. పరీక్ష తప్పడం, గుండె దడ, బతకబుద్ధి కాకపోవడం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏడుపు మొహం పెడతావు. ఆయన 'చచ్చేముందు నా బాకీ తీర్చరా కులిబాలీ' అంటాడు."

"మరి మీ నాన్నకి?"

"మతి పోయిందా? మా కులిబాలి పెద్దల ముందు తల వంచుకుని వినడమే. నోరెత్తితే మర్యాదేనా? కెయితా కాబట్టి చెప్పగలిగాను."

'ఈ గదికి ఒక కెయితా చాలు,' అనుకున్నాడు లసానా.

మర్నాడు గేటు దగ్గర కాపలా తాత బినా నవ్వుతూ పలకరించాడు. "మీ చిన్నాన్న వచ్చాడయ్యా."

"నాకు చిన్నాన్న లేడు. ఎవడో దొంగ, మా ఇంటిపేరు చెప్పుకుని దూరుతున్నాడు. లోపలికి వదిలావంటే వార్డెన్‌తో చెబుతా!"

పక్కనే టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ ముసలాయన విన్నాడు.

"సరే బాబూ. రేపటి నుంచి నూహుమ్‌ని నువ్వే తిట్టు. జాలిపడకుండా తిట్టు," అని వెనక్కి తిరిగాడు.

పొద్దున్నే లసానా దుప్పటి లాగాడు. "ఒరేయ్ బొబ్బర్ల బస్తా!"

నూహుమ్ వాణ్ణి దాటి తలుపు వైపు చూశాడు. "ఆయనేడి?"

"ఇక రాడు. నేనున్నాగా! లేవరా, నా బానిసా!"

"నీ గొంతులో జాలి ఉందిరా."

నూహుమ్ గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. ఆ రోజంతా తీయలేదు. మర్నాడూ తీయలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

లసానా గేటుకి పరిగెత్తాడు.

"బినా తాతా, ఆ కెయితా ఇల్లెక్కడ? పిలుచుకొస్తా."

"ఎవరో తెలియదన్నావుగా."

"తప్పయింది తాతా. చెప్పు."

"ఊరి బస్సెక్కి పోయాడు. ఏ ఊరో నాకు చెప్పలేదు. ఆ మంచం మీద మళ్లీ ఒక పిల్లాడు లేవడం లేదని నేనే ఆయన చెవిన వేశాను."

"మళ్లీ అంటే?"

బినా గేటు గొళ్లెం వేసి, వాడి మొహం చూడకుండా చెప్పాడు.

"ఆయన కెయితా కాదు, కులిబాలి; పోయినేడు అదే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, తండ్రికి నోరు విప్పి ఒక్క మాట చెప్పలేకే చనిపోయిన పిల్లాడు ఆయన కొడుకు."