పేర్లు లేని రికార్డులు

పక్క డీజేలు పాటలు పసిగట్టకుండా డీజే డెల్విన్ పొద్దున్నే రికార్డులన్నీ నీళ్ల తొట్టిలో నానబెట్టి, పేర్లున్న కాగితాలు ఊడబీకాడు. తీరా బ్రాంక్స్ పార్కులో జనం ముందు నిలబడ్డాక, ఏది ఏదో తనకే తెలియలేదు.

"పాట ఆగిందో, ఈ స్పీకర్ నీ నెత్తిన పగులుద్ది," అన్నాడు ముఠా నాయకుడు రోస్కో.

వణుకుతూ చేతికందిన దాని మీద ముల్లు దించాడు. చప్పట్లతో చర్చి పాట మొదలైంది. అమ్మ రికార్డు కూడా వీటిలో కలిసిపోయింది! జనం గొల్లున నవ్వారు. తీయబోతే రోస్కో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పొరపాటైందన్నా. అది మా అమ్మది."

"మా అమ్మని సమాధికి ఈ పాటతోనే సాగనంపారంట. అప్పుడు నేను జైల్లో ఉన్నా. ఆ చప్పట్లు మళ్లీ వినిపించు."

డెల్విన్ రెండో చేత్తో రికార్డు వెనక్కి తిప్పాడు. మళ్లీ చప్పట్లు. మళ్లీ తిప్పాడు. పట్టుబడ్డ మణికట్టు ఇంకా వణుకుతోంది. ఆ వణుకు తనది కాదు.