అంకె లేని కొడుకు

“ప్రభువులు ముద్ర వేస్తే రేపే అచ్చుకు పంపేస్తాను,” అంటూ ట్రౌగాట్ మాస్టారు వాల్డెన్‌రోడ రాజవంశ చరిత్ర రాతప్రతిని కాఫీ బల్ల మీద పెట్టాడు.

ఆ వంశంలో మగపిల్లలందరి పేరూ ఎగ్బర్టే. బాప్తిస్మం రోజున వరుసలో ఒక అంకె ఇస్తారు. ఆ అంకెతోనే మనిషికి గుర్తింపు. ఇప్పటి ప్రభువు ఇరవై మూడు.

“ఆగండి మాస్టారూ,” అంది రాజమాత ఒట్టీలియ. “నా కొడుకుల్లో ఒకడికి అంకె లేదు. నేను పోయేలోగా వాడికి అంకె పెట్టించండి. పుస్తకంలో వాడూ ఉండాలి.”

ప్రభువు ముఖం గంటు పెట్టుకున్నాడు. తనకన్నా ముందు పుట్టి, అరగంట బతికి పోయిన అన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే.

“అరవై ఏళ్ల నాటి మాట ఇప్పుడెందుకమ్మా?”

“నాకు నిన్నటిలాగే ఉంది నాయనా.”

“వాడు ఇరవై మూడైతే నేను ఇరవై నాలుగవ్వాలి. నా చెంచాలూ, దుప్పట్లూ, గుర్రం జీనూ, అన్నిటి మీదా ఇరవై మూడే!”

“మరి నా గతేమిటి?” అన్నాడు తమ్ముడు, ఎగ్బర్ట్ ఇరవై నాలుగు, కేకు నములుతూ. “సమాధి రాయి మీద నా అంకె చెక్కించేశాను.”

“నీకప్పుడే సమాధేమిట్రా?”

“చెక్కేవాడు ఊరొదిలి పోతున్నాడమ్మా. మళ్లీ దొరకొద్దూ?”

మాస్టారు నవ్వలేదు. “అంకెలేవీ కదపకుండా, అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం రాయొచ్చు ప్రభూ. తల్లి అడుగుతోంది.”

“రాయండి. పెద్ద అక్షరాల్లోనే రాయండి. ‘బాప్తిస్మం లేనివాడికి అంకె లేదు. అంకె లేనివాడు ఈ వంశంలో లెక్కకు రాడు.’”

“ఆ మాట రాయించకురా,” అంది రాజమాత.

“మీరు రాయండి మాస్టారూ!”

మాస్టారు రాశాడు. ప్రభువు దాని కింద వేడి లక్క పోసి, ముద్ర గట్టిగా నొక్కాడు.

“అయిపోయింది. ఇక దీన్ని నేనైనా మార్చలేను.”

రాజమాత లక్కను వేలితో తాకి, ఆరిందో లేదో చూసింది.

“పోయినవాడికి మంత్రసానే నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చింది,” అంది చివరికి. “ఇరవై మూడు వాడే. ఆ అంకెను మట్టిలో పెట్టడానికి మీ నాన్నకు మనసొప్పలేదు. బాప్తిస్మంతో సహా బతికినవాడికి రాయించేశాడు.”

తమ్ముడు కేకు నమలడం ఆపాడు. “మరి బాప్తిస్మం కానిదెవరికమ్మా?”

రాజమాత పెద్దకొడుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“వీడికేరా.”