వేళ్ల ఫొటోల పుస్తకం

"ఇదేంటి మేష్టారూ! ముప్ఫై ఏళ్లుగా ఈ పుస్తకం తప్ప ఇంకోటి ముట్టుకోలేదు కదా మీరు!" అన్నాడు సంగీతం పుస్తకాల కొట్టాయన.

ఫ్లూటు మేష్టారు ఆయన పెదాల వంక చూసి మాట పట్టుకున్నారు. బల్ల మీదున్న పాత పుస్తకాన్ని మోచేత్తో పక్కకి నెట్టారు.

ఆ పుస్తకంలో మొదటి పాతిక పేజీల్లో వేళ్ల ప్రసక్తే లేదు. ఊదడమే. ఒక్క స్వరం పట్టుకుని నిలకడగా, వణుకు లేకుండా ఊదాలి. గురువు పక్కన కూర్చుని చెవి ఒగ్గి వినాలి.

ఒగ్గడానికి చెవి ఉండాలిగా! రెండేళ్లుగా మేష్టారి వినికిడి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఈ వేసవికి మొత్తం పోయింది. గోడలకు చెవులుంటాయంటారు. మేష్టారి చెవులే గోడలైపోయాయి. చెవికి మిషను పెట్టుకుంటే బొయ్యిమని మోత తప్ప ఏమీ లేదు. పైగా అది బడిలో ఎవరి కంటైనా పడిందా, ఆ రోజే చీటీ చింపేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. పాఠం చెప్పకుండా ఒక్క రోజు బతకడం ఆయనకి చేతకాదు.

మేష్టారు అరలన్నీ వెతికి చివరికి ఒక పుస్తకం పట్టుకున్నారు. ప్రతి స్వరం కిందా ఫొటో. ఏ వేలు నొక్కాలి, ఏ వేలు లేపాలి, అంతా ఫొటోలోనే ఉంది. తప్పొప్పులు చెప్పడానికి కళ్లుంటే చాలు.

"ఊదడం రాకుండా వేళ్లెందుకండీ?" అన్నాడు కొట్టాయన.

"కాలం మారిందయ్యా. ఇవి ఎనిమిది కట్టు."

తర్వాత పాటల నొటేషన్ షీట్లు తిరగేశారు. నిలబెట్టి ఊదే స్వరాలున్న పాటలన్నీ పక్కన పడేశారు. వేలు కదలకుండా ఊదే స్వరం బాగుందో లేదో కళ్లకేం తెలుస్తుంది? వేళ్లు గబగబా ఆడే పాటలు మూడు ఏరుకుని ఇంటికొచ్చారు.

గుట్టు తెలిసింది ఇంటావిడకి ఒక్కదానికే. ఆవిడ ఆ పుస్తకం చూసి, ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ అంది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మీ ముందు ఆ పసివాళ్లు ఏడాదంతా ఊదాలన్నమాట. ఎందుకండీ ఈ పాపం? మానేయండి."

"నోరు మెదిపావంటే ఊరుకోను," అన్నారు మేష్టారు.

క్లాసులో ఎనిమిది మంది. తొమ్మిదేళ్లూ పదేళ్లూ. ఫ్లూట్లు బడివి, బీరువా దాటి ఇంటికి వెళ్లవు. మేష్టారు మొదటి రోజే చెప్పేశారు. మాటలొద్దు, ప్రశ్నలొద్దు, వేళ్లు చూపించండి. తప్పు వేలు పడితే స్కేలుతో ఆ వేలి మీదే ఒకటిచ్చేవారు. చెవి చేయాల్సిన పని స్కేలు చేసేది. పిల్లలు లోపల ఎంత తిట్టుకున్నారో ఆయనకి పట్టలేదు.

రెండో నెలలో ఒకసారి బుగ్గల పాప ఫ్లూటు పెదాలకి అడ్డం పెట్టుకునే ఏదో అంది. మాట అందలేదు. "భేష్! అలాగే కానీ," అన్నారు మేష్టారు. పిల్లలంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత పడీపడీ నవ్వారు. మేష్టారు కూడా నవ్వేసి పేజీ తిప్పమన్నారు.

ఆ రోజు నుంచి క్లాసు బంగారమైపోయింది. కొత్తగా ఊదేవాళ్లకి కళ్లు తిరుగుతాయి, ఏటా ఇద్దరో ముగ్గురో కుర్చీలో వాలిపోయేవారు. ఈసారి ఒక్కళ్లూ వాలలేదు. ఊదాక గొట్టం లోపల చెమ్మ చేరుతుంది, ఏటా తుడవమని అరిచి అరిచి గొంతు పోయేది. ఈసారి ఎప్పుడు చూసినా ఫ్లూట్లు పొడిపొడిగా ఉన్నాయి. పిల్లలంటే ఇలా ఉండాలి! ముప్ఫై ఏళ్లు ఆ దిక్కుమాలిన పాత పుస్తకం పట్టుకుని వేలాడానే అని మేష్టారు తలకొట్టుకున్నారు.

పక్క గది లెక్కల మేష్టారైతే ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మీ పుణ్యమా అని ఈ ఏడు హాయిగా పాఠం చెప్పుకుంటున్నానండీ. ఇదివరకు ఆ కీచు గోలకి బుర్ర వాచిపోయేది."

అంత శ్రుతిలో ఊదుతున్నారన్నమాట. మేష్టారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఏడాది చివర పెద్దమేడం కబురంపింది. ఫ్లూటు క్లాసు వచ్చే ఏడాది ఉంచాలా తీసేయాలా అన్నది పిల్లల పాట విన్నాకే తేలుస్తుందట. తల్లిదండ్రుల్నీ పిలిచిందట. మేష్టారికి ఆ వారమంతా ముద్ద దిగలేదు.

ఆ రోజు గదినిండా జనం. పిల్లల మొహాలు పాలిపోయాయి. బుగ్గల పాప కళ్లనిండా నీళ్లు. నలుగురి ముందూ ఆ మాత్రం బెదురుండదూ అనుకున్నారు మేష్టారు. "ఏం భయం లేదు, రోజూ చేసేదే చేయండి," అని చెయ్యి ఎత్తారు.

ఎనిమిది ఫ్లూట్లు లేచాయి. మూడు పాటలూ వరసగా సాగాయి. మేష్టారు రెప్ప వేయకుండా చూశారు. ఒక్క వేలు తప్పలేదు, ఒక్కటి వెనకబడలేదు. ముప్ఫై ఏళ్లలో ఇంత చక్కగా ఏ జట్టూ చేయలేదు. గట్టెక్కాను దేవుడా అనుకున్నారు.

చెమట తుడుచుకుని, చేతులు జోడించి వెనక్కి తిరిగారు. చప్పట్లు కొడుతున్న చెయ్యి ఒక్కటీ లేదు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మైమరచిపోయారు కాబోలు అనుకుంటూ మేష్టారు పెద్దమేడం పెదాల వైపు చూశారు.

"వేళ్లు చక్కగానే ఆడుతున్నాయి మేష్టారూ, మరి పిల్లలు ఊదడం ఎప్పుడు మొదలుపెడతారు?"