కప్ప ఐదో వేలు

చెరువు గట్టున ఉన్న కాలేజీలో ఒక కప్ప జంతుశాస్త్రం డిగ్రీలో చేరింది. రికార్డులో కప్ప బొమ్మ గీయమన్నారు. క్లాసులో మిగతా కప్పలన్నీ సీనియర్ల రికార్డు చూసి దించేశాయి. మన కప్పకు అంత తెలివి ఎక్కడిది? నీళ్లలో తనను తాను చూసుకుంటూ, ఒక్కో గీతా శ్రద్ధగా గీసి, తాబేలు మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు. "కప్ప చేతికి ఐదు వేళ్లుండాలి. నాలుగే వేశావేం?"

"నాకు నాలుగే ఉన్నాయి సార్," అని కప్ప చెయ్యి చాపింది.

మాస్టారు తలైనా ఎత్తలేదు. "ఇరవై ఏళ్లుగా రికార్డుల్లో ఐదే ఉన్నాయి. నీ ఒక్కదాని కోసం మార్చమంటావా? మళ్లీ గీసుకురా."

మళ్లీ గీసింది. మళ్లీ కొట్టేశారు. మూడోసారి కప్ప తన చేతిని ఆయన ముక్కు కిందే పెట్టింది. "ఒక్కసారి లెక్కపెట్టండి సార్, మీకు పుణ్యముంటుంది!"

"చెయ్యి తియ్యి, రికార్డు తడిసిపోతోంది. ఎల్లుండే ప్రాక్టికల్స్. సంతకం కావాలా, వద్దా?"

సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కప్ప పళ్లు నూరుకుంటూ ఐదో వేలు గీసింది. ఫస్టు క్లాసు వచ్చింది.

ఏళ్లు గడిచాయి. తాబేలు రిటైరయ్యాక ఆ కుర్చీలో కప్పే కూర్చుంది. ఒకరోజు ఒక కొత్త కప్ప రికార్డు తెచ్చి చూపించింది. బొమ్మలో నాలుగే వేళ్లున్నాయి.

"ఖర్మ! చూసి దించడం కూడా చేతకాదు మీకు," అని విసుక్కుంటూ, కప్ప మేడమ్ తన నాలుగు వేళ్లతో ఎర్ర పెన్సిలు అందుకుంది.